ఊదకూడని ఊపిరి

"మందు పనిచేసింది!"

ఫోన్‌లో బాస్ వాషింగ్టన్ అరిచాడు. వాన మొదలైందని తోర్త ఫ్రీతాలకి, నూనెలో వేయించే రొట్టెలకి, పిండి కలుపుతున్న ఏజెంట్ నిబియా, ఆ చేతులతోనే గిర్రున తిరిగింది. మెడలో పుట్టి వెన్నుపూసల్లోకి పాకే క్యాన్సర్‌కి తమ నగరం మాంటెవీడియోలో తయారైన మందు అది. మంచాన పడ్డ పదిమంది ట్రయల్ పేషంట్లు లేచి నడుస్తున్నారు.

"ఇవాళ ఆఖరి డోసు. రేపు సభలో ప్రకటన. కానీ విదేశీ ముఠా మాల్వినాని పంపింది. ఆ సీసాల్లో విషం కలిపితే పదిమందీ పోతారు. మందు పేరూ పోతుంది."

మాల్వినా! ఒకప్పుడు తమ ఏజెంటే. అందగత్తె. రెండువైపులా జీతం తీసుకుంటూ, నిబియా తమ్ముడు రూబెన్‌ని నమ్మించి నదిలో తోయించి చంపింది.

"ఏ వేషంలో వస్తుంది?"

"తెలీదు. నువ్వసలే కొత్త పెళ్లికూతురివి. వద్దంటే..."

"మా ఆయన సాయంత్రం దాకా ఆగగలడు బాస్. నా పగ ఆగదు."

వాన పడితే ఆ నగరంలో తోర్త ఫ్రీతాలు వేగాల్సిందే, ఆస్పత్రిలోనైనా సరే. వంటమనిషి వేషంలో, వేడివేడి రొట్టెల పళ్లెంతో నిబియా వార్డులోకి వెళ్లింది. పైన చల్లిన పంచదార చూస్తేనే ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"నాకు రెండెయ్యవే తల్లీ! మెడ నిలబడ్డాక ఆకలీ నిలబడింది" అన్నాడు పేషంట్ ఒరేస్తెస్.

"మొన్నటిదాకా గంజి దిగలేదు, ఇవాళ రౌడీయిజమా తాతా?"

వార్డంతా నవ్వింది.

చివరి మంచం మీద అప్పుడే సాల్తో ఊరి నుంచి వచ్చిన పేషంటు, ఒక ముసలామె. నెరిసిన జుట్టు, పట్టు స్కార్ఫు, గొంతుపెట్టె తీసేసినట్టు మెడకి గొట్టం. మాట పలికించే యంత్రాన్ని మెడకి ఆనించి, "చల్లగా ఉండమ్మా" అని గరగరలాడించింది. రొట్టె అందుకుంది. వేళ్లు కాలాయి. ఉఫ్ ఉఫ్‌మని ఊదింది.

పంచదార ఎగిరింది.

నిబియా నవ్వు చెదరలేదు. గొంతుపెట్టె తీసేసిన మనిషికి ఊపిరి మెడలోని రంధ్రం గుండానే ఆడుతుంది. నోటితో ఊదడం కుదరదు.

అనుమానం రానివ్వకుండా పళ్లెం ఖాళీ చేసి తిరిగేసరికి ఆ మంచం ఖాళీ. నిబియా మందుల గదికి పరుగెత్తింది. అక్కడ ముసలామె చేతిలోని మాట యంత్రంలోంచి పొడుచుకొచ్చిన సూది మొదటి సీసా మూత మీద ఆనింది. నిబియా పళ్లెం గిరాటేసింది. సూది విరిగి నేల మీద పడింది.

"గొంతు ఎలా ఉంది మాల్వినా?" నిబియా పిస్టల్ తీసింది.

"రూబెన్ కూడా ఇలాగే పరుగెత్తుకొచ్చాడు, పాపం." ఈసారి యంత్రం లేకుండానే పలికింది మాల్వినా. "కాల్చవేం? వేలు వణుకుతోందా?"

వేలు బిగిసింది. అవతల వార్డులో ఒరేస్తెస్ ఇంకో రొట్టె కోసం పోట్లాడుతున్నాడు. నిబియా పిస్టల్ దించింది.

వాషింగ్టన్ తన మనుషులతో వచ్చి మాల్వినాకి సంకెళ్లు వేయించాడు.

"రేపు కోర్టులో..." అన్నాడాయన.

"కోర్టు ఎల్లుండి బాస్. రేపు సభలో ఈవిడని ముందు వరుసలో కూర్చోబెట్టండి. పదిమందీ ఒక్కొక్కరే నడుచుకుంటూ వేదికెక్కుతారు. ప్రతి ఒక్కరికీ ఈవిడ చప్పట్లు కొట్టాలి. సంకెళ్లు మాత్రం కాస్త వదులు చేయించండి. ఆ చప్పుడు నదిదాకా వినపడాలి."