జోడీ బోణీ

అమీర్‌పేటకు వచ్చేవాళ్లెవరూ అమీర్లు కారు. అమీర్లమైపోదామని కోర్సుల్లో చేరే గరీబులే. వాళ్లలో నవీన మరీ మొండిఘటం. సనత్‌నగర్‌లో లేతు మిషన్ మీద పనిచేసే వాళ్ల నాన్నకు ఇనుమును వంచడం తెలుసుగానీ కూతుర్ని వంచడం ఇప్పటికీ తెలియలేదు.

పంజాగుట్టలో ఉద్యోగం దొరికింది. సోమవారం చేరాలి. మెలికల్లా ఒకటే: లాప్‌టాప్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. లేదంటే ఆ కుర్చీ ఇంకొకరిది.

చేతిలో ఉన్నది ఇరవై వేలు. కొత్తవాటిలో ర్యామ్ ఎంతని అడిగేలోపే ధర చూసి 'రామ రామ' అనుకుంటూ బయటికొచ్చింది. చివరికి పాతవి బాగుచేసి అమ్మే హనుమాండ్లు షాపులో ఒకటి నచ్చింది. ఆయన ఇరవై నాలుగు నుంచి వెంట్రుకవాసి కదల్లేదు. అయితే ఆయన గుట్టొకటి నవీన పట్టేసింది. పొద్దున వచ్చిన మొదటి బేరాన్ని ఆయన చచ్చినా వదులుకోడు. బోణీ పోతే రోజంతా పోయినట్టేనని ఆయన నమ్మకం.

శనివారం వాన తుంపర్లలోనే వెళ్లింది. మూసిన షట్టర్ ముందు, మెట్టు మీద ఒక గొడుగు కూర్చుని ఉంది. నవీన దాన్ని పక్కకు జరిపి తను కూర్చుంది.

"ఏంటండీ ఇది? గొడుగు పెట్టి టీకి వెళ్లాను. ఆ ప్లేసు నాది!"

చూస్తే పొడుగాటి కుర్రాడు, చేతిలో టీ గ్లాసు. పేరు ప్రమోద్. కాకినాడ నుంచి యానిమేషన్ నేర్చుకోవడానికి వచ్చాడు. బొమ్మల్ని కదిలించగలడేమోగానీ నవీనను కదిలించడం అతనివల్ల కాలేదు.

"గొడుగొచ్చి బోణీ చేస్తదా? మనిషుండాలె!"

"మనిషే వచ్చాడుగా, లేవండి!"

"లేవ!"

షట్టర్ లేచింది. అగరొత్తులతో హనుమాండ్లు ప్రత్యక్షమయ్యాడు.

"ఏందమ్మా, పొద్దుగాల్నే మొగనితోని లొల్లి? రాండ్రి లోపలికి. జోడీగొచ్చిండ్రు, లక్ష్మొచ్చినట్టే. ఇరవైకిస్త, తీస్కపోండి!"

"అయ్యో, మేం అసలు..." అనబోయిన ప్రమోద్ కాలు తొక్కింది నవీన.

"మా ఆయన గంతే అన్నా, ఎక్కువ మాట్లాడతడు."

హనుమాండ్లు డబ్బా వెతకడానికి లోపలికి వెళ్లగానే ప్రమోద్ గుసగుసలాడాడు. "బానే ఉందిగానీ, కొనేదెవరు? నాక్కూడా అదే కావాలి. ప్రాజెక్టుంది."

"ఎప్పుడియ్యాలె?"

"నెలాఖరుకి."

"నాకు సోమవారం జాయినింగ్. లేకుంటే జాబే పోతది."

ఆమె బతిమాలలేదు. రెప్పల మీద చినుకులు తుడుచుకోకుండా సూటిగా చూసింది. ఆ చూపుకి ప్రమోద్ గుండె హ్యాంగయింది. రీస్టార్ట్ అవడానికి కాసేపు పట్టింది.

"తీసుకోండి. 'మా ఆయన' అన్నారుగా, ఇంక కాదనలేను."

బయట వాన పెరిగింది. తన గొడుగు ఆమె చేతిలో పెట్టాడు. "మీ కోసం కాదు, లాప్‌టాప్ తడుస్తుందని." తను మాత్రం తడుస్తూ మెట్రో వైపు పరిగెత్తాడు. పేరు అడిగాడుగానీ నంబరు అడగడం మర్చిపోయాడు, మహానుభావుడు!

నవీన ఉద్యోగంలో చేరింది. వాన ఉన్నా లేకున్నా రోజూ గొడుగు పట్టుకునే వెళ్లింది. ఆఫీసుకు పోయేముందు అమీర్‌పేటలో దిగి, ఆ మెట్టు వైపు ఓ చూపు విసిరేది. నెలాఖరు దగ్గరపడిన ఒక వాన పొద్దున ఆ మెట్టు మీద ప్రమోద్ కనిపించాడు. బతిమాలుతున్నాడు.

"తమ్మీ, గా దినం మీ జోడీ బోణీ చేసినంక షాపుల నిలబడ జాగ లేకుండె," అంటున్నాడు హనుమాండ్లు. "ఒక్కనివొస్తే ఎట్ల? మేడమ్‌ను తోల్కరా, గదే రేటిస్త."

"ఆవిడ ఊళ్లో లేదండీ."

"ఫోన్ కొట్టు, నేను మాట్లాడత."

"నంబరు తెలీదండీ..."

"పెండ్లాం నంబరు తెల్వదా!"

అంతలో ప్రమోద్ నెత్తిన తెలిసిన గొడుగొకటి విచ్చుకుంది.

"నేనొచ్చిన," అంది నవీన.

హనుమాండ్లు ముఖం వెలిగింది. అలాంటిదే ఇంకో లాప్‌టాప్ తీసి, అగరొత్తి తిప్పుతూ ప్రమోద్ చేతిలో పెట్టబోయాడు.

"జర ఆగు అన్నా." నవీన గొంతు గట్టిపడింది. "ఒకసారి అబద్ధమాడి కొన్న. మల్ల ఆడ. మేం మొగుడుపెండ్లాలం కాదు."

అగరొత్తి గాల్లోనే ఆగిపోయింది. ప్రమోద్ ముఖం ఛార్జింగ్ అయిపోయిన స్క్రీనులా నల్లబడింది. ప్రాజెక్టూ పోయింది, పరువూ పోయింది.

"కాదా?" అన్నాడు హనుమాండ్లు.

"ఇంకా కాలే."

ప్రమోద్ మెల్లగా తలెత్తాడు. "ఇంకా... అంటే?"

"నీ గొడుగు నేనియ్య. తడవొద్దనుకుంటే నువ్వే పక్కకు రా."

అతను వచ్చాడు. ఒక్క అడుగులో వచ్చాడు.

హనుమాండ్లు ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "లొల్లి చూసి పక్కా మొగుడుపెండ్లాలే అనుకున్న. నా అంచనా తప్పలే, జర ముందుగాలొచ్చింది గంతే," అని లాప్‌టాప్ అందించాడు. "గదే రేటు. గని పెండ్లిపత్రిక పంచుడు నాతోనే బోణీ చేయాలె!"

బయట వాన. గొడుగు కింద లాప్‌టాప్ మీద చుక్క పడలేదు. దానికి అటో భుజం, ఇటో భుజం మాత్రం నిక్షేపంగా తడిశాయి.