మొప్పదండ

ఉదయం ఎనిమిదిన్నరకు పోర్ట్‌బ్లెయిర్ తీరంలో జనం సముద్రంలోకి నడిచిపోతున్నారు. భుజాన సంచులు, చేతుల్లో మూత బిగించిన క్యారేజీలు. మోకాళ్ళ లోతు దాకా కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళి, నడుము లోతులో మాట ఆపి, ముఖాలకు అద్దపు తొడుగులు బిగించుకుని ఒక్కొక్కరే అలల కిందికి వెళ్ళిపోతున్నారు. ఎదుటి దీవికి పడవలు ఆగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు సముద్రం అడుగున దీపాలు పెట్టిన నీటిబాట ఉంది. నాచుతోటల పనివాళ్ళు, బడిపిల్లలు, పెళ్ళిళ్ళకు వెళ్ళేవాళ్ళు అందరూ ఆ దారినే నడుస్తారు.

"ఇంతమంది యాడికి పోతున్నారే?" అన్నాడు ఏసోబు. ఆ నాలుగు మాటలకే ఆయాసం వచ్చి ఇసుకలో కూలబడ్డాడు.

"పనికి" అంది భార్య సంతోషమ్మ, ఆయన వీపు రాస్తూ. "మన పిల్ల కూడా రోజూ ఆ దారినే గదా పోయేది."

మార్కాపురం వైపు పలకల గనుల్లో రాయి కోసి కోసి ఏసోబు ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుపోయింది. కూతురికి నాచుతోటలో ఉద్యోగం వచ్చాక ఇద్దరూ ఆమె దగ్గరికి వచ్చారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక, సముద్రంలో దిగడం నేర్పే కడలిబడికి వచ్చి పేరు ఇచ్చాడాయన. సంతోషమ్మ ఎంత వద్దన్నా వినలేదు.

కడలిబడిలో నేర్పేది నూకరత్నం. ముప్పై అయిదేళ్ళ మనిషి. ఆమె తాతలు శ్రీకాకుళం తీరం నుంచి చేపలవేటకు ఈ దీవులకు వచ్చినవాళ్ళు. ఆమె ఏసోబు మెడకు మొప్పదండ అమర్చింది. పేరుకు తగ్గట్టు అది దండలాగే ఉంటుంది. భుజాల మీద పరుచుకునే పలచటి పొరల వరుస. దాన్నుంచి వెంట్రుకంత గొట్టాలు రెండు మెడనరంలోకి దిగుతాయి. ఒంట్లో రక్తం ఆ పొరల్లోకి వచ్చి, నీళ్ళలో కరిగిన ప్రాణవాయువును తీసుకుని మళ్ళీ ఒంట్లోకి పోతుంది.

"ఇది నీల్లలోనే పని చేస్తాది బాబాయ్. గాల్లోకొస్తే ఎండిపోద్ది" అంది నూకరత్నం. "లోపలికెల్లాక ఊపిరి తియ్యాలని మీకే అనిపించదు. గుండెలు కదలవు. కంగారు పడిపోకండి, అందరికీ అలాగే ఉంటాది."

"ఊపిరి తియ్యకుండా బతుకుతామా అమ్మాయ్?"

"నేను రోజూ సగం పొద్దు అలాగే బతుకుతున్నాను కదేటి!"

దిగబోయే ముందు గుండెను, రక్తాన్ని పరీక్షించారు. రెండూ బాగున్నాయి. దండ తొడుక్కున్న మనిషికి ఊపిరితిత్తులతో పని లేదు కాబట్టి, వాటిని పరీక్షించాలని తయారుచేసిన వాళ్ళెవరికీ తట్టలేదు.

తల నీళ్ళలో మునిగాక కాసేపు ఏసోబు గుండెలు అలవాటుకొద్దీ ఎగిరాయి. తర్వాత నెమ్మదించాయి. తర్వాత ఆగాయి. ఆయన రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎన్నో ఏళ్ళుగా లోపల ఎవరో ఇసుక జల్లెడ పడుతున్నట్టుండే ఆ గరగర లేదు. దగ్గు లేదు. ఎదురుగా పగడాల తోట. జింకకొమ్ముల్లా చీలినవి, గొడుగుల్లా విప్పుకున్నవి, మెదడులా మడతలు పడినవి. వాటి మీదుగా పసుపుపచ్చ చేపల గుంపు ఒకటి వచ్చి, ఆయన్ని కూడా ఒక రాయి అనుకుని రెండుగా చీలి, వెనక మళ్ళీ కలుసుకుంది. నీళ్ళ నిండా చిటచిటమని సన్నని చప్పుడు. పగడాల సందుల్లో రొయ్యలు చేసే చప్పుడది.

ఏసోబు ఒక అడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు. ఆ తర్వాత ఇసుక రేగిపోయేట్టు పరుగెత్తాడు. నూకరత్నం కంగారుగా వెంటపడింది. దగ్గరికి వెళ్ళి చూస్తే, అద్దం వెనక ఆయన నవ్వుతున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు.

గంట తర్వాత ఒడ్డుకు నడిచి వచ్చారు. భుజాలు నీళ్ళ పైకి వచ్చాయి, నూకరత్నం ఆయన తొడుగు తీసింది. అందరిలాగే ఒక్క గుక్క గాలి పీలిస్తే చాలు, ఊపిరితిత్తులు మళ్ళీ పనిలో పడతాయి. దాన్ని తొలిశ్వాస అంటారు. ఏసోబుకు అది రాలేదు. నోరు తెరిచాడు. ఛాతీ లోపలికి పీక్కుపోయింది గానీ గాలి వెళ్ళలేదు. పెదవులు నల్లబడ్డాయి. సంతోషమ్మ కేక పెట్టి నీళ్ళలోకి పరుగెత్తింది. నూకరత్నం ఆయన్ని ఇసుకలో పడుకోబెట్టి నోట్లోకి గాలి ఊదింది. చాలాసేపటికి చాపను చింపినట్టు ఒక చప్పుడుతో ఊపిరి వచ్చింది.

"మీ ఆయన నా చేతుల్లో పోయీవోడు పిన్నీ" అంది నూకరత్నం. "ఇంక ఇటేపు తీసుకురాకండి. నేను దింపను."

మర్నాడు సంతోషమ్మ ఒక్కతే వచ్చింది.

"ఆయన చాలంటున్నాడు. నేను హడలిపోయానని నాకోసం అంటున్నాడు" అంది. "నేనాయన మొకం చూశాను తల్లీ. పెళ్ళినాడు ఎట్టుండాడో అట్టా వచ్చాడు నీళ్ళల్లోంచి. దిగేది గాదు గదా కష్టం, పైకొచ్చేదే గదా? దానికేదన్నా ఉపాయం చూడు."

నూకరత్నం రెండు రోజులు ఆలోచించింది. ఒడ్డుకు నడిపిస్తే భుజాల మీది దండ ముందే ఎండిపోతుంది. అదే పడవ నిచ్చెన మీద, భుజాలు నీళ్ళలోనూ ముఖం గాలిలోనూ ఉండేలా కూర్చోబెడితే? ఊపిరితిత్తులు మెల్లగా మేలుకునేదాకా రక్తానికి దండ తోడుంటుంది. నొప్పి తప్పదు, ప్రాణానికి మాత్రం భయం లేదు. కడలిబడి డాక్టరు కూడా సరేనన్నాడు.

"కానీ మీరూ దిగాల పిన్నీ" అంది. "ఆయనికేటి జరుగుతాదో మీరు చూడాల."

సంతోషమ్మ వారం రోజుల్లో నేర్చుకుంది. తర్వాత ఒక ఉదయం ముగ్గురూ పడవ మీద, ఎప్పుడో తుపానులో మునిగిన కలప ఓడ దగ్గరికి వెళ్ళారు.

ఎనిమిది నిలువుల లోతు. మొదట కింద నీలం తప్ప ఏమీ కనిపించలేదు. ఆ నీలంలోంచి నెమ్మదిగా ఒక చీకటి, ఆ చీకటిలోంచి ఓడ పైకి వచ్చింది. ఎంత పెద్దదంటే, దాని రెండో కొస నీళ్ళలో కలిసిపోయి కనిపించలేదు. తెరచాపల్లాంటి ఊదారంగు పగడాలు కొయ్యలకు వేలాడుతున్నాయి. కిటికీల్లోంచి చేపలు వచ్చిపోతున్నాయి. ముసలి తాబేలొకటి మెట్ల మీదుగా ఈదుకుంటూ వచ్చి వాళ్ళను చూసి, తన పనిమీద తాను వెళ్ళిపోయింది. సంతోషమ్మ రెండు చేతులూ జోడించింది.

ఓడ పైతట్టు మీద భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్నారు. అలవాటుగా ఆమె చేయి ఆయన ఛాతీ మీదికి వెళ్ళింది. ఛాతీ కదలడం లేదు. ఆమె ఉలిక్కిపడి ఆయన ముఖంలోకి చూసింది. ఏసోబు నవ్వి, ఆ చేతిని కొంచెం ఎడమవైపుకు జరిపి పట్టుకున్నాడు. అక్కడ గుండె కొట్టుకుంటోంది. ఆమె చేయి తీయలేదు.

కాసేపటికి నూకరత్నం తిరిగి చూసేసరికి సంతోషమ్మ తల భర్త భుజం మీద వాలి ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. నూకరత్నం గబగబా ఈదుకుంటూ వచ్చి ఆమె దండ చూసింది. పొరలు ఎర్రగా ఉన్నాయి, రక్తం సక్రమంగా పారుతోంది. ఏ ప్రమాదమూ లేదు. ఆమె నిద్రపోయింది. ఇన్నేళ్ళలో ఇన్ని వందల మందిని దింపిన నూకరత్నం, సముద్రం అడుగున నిద్రపోయిన మనిషిని చూడడం అదే మొదలు. లేపబోయింది. ఏసోబు తల అడ్డంగా ఊపి, అద్దపు తొడుగు మీద పెదవుల చోట వేలు పెట్టాడు.

దండ సగం పొద్దు దాకా పని చేస్తుంది, ఇంకా చాలా గడువుంది. నూకరత్నం కూడా వాళ్ళకెదురుగా కూర్చుంది. వెలుతురు పై నుంచి పలచని పట్టీలుగా దిగుతూ ఆ ఇద్దరి మీదుగా కదిలింది. ఏసోబు మెడ పట్టేసినా కదల్లేదు.

సంతోషమ్మ తనంతట తానే లేచింది. పైకి వచ్చాక పడవలో కూర్చుని, సిగ్గుపడుతూ నూకరత్నంతో మెల్లగా చెప్పింది.

"పదకొండేళ్ళయింది తల్లీ, నేనట్టా పడుకుని. రాత్రిళ్ళు ఈయన ఊపిరి వింటా ఉంటా. ఆ చప్పుడు ఆగితే దిగ్గున లేస్తా, ఎక్కువైనా లేస్తా. కింద వినేదానికేం లేదు. గుండె చేతికి తగులుతానే ఉండె. ఎప్పుడు కన్నంటుకుందో తెలీదు."

నిచ్చెన మీద, మెడ లోతు నీళ్ళలో కూర్చున్న ఏసోబు తొడుగు తీసి తొలిశ్వాస కోసం పెనుగులాడడం మొదలుపెట్టాడు. ఒక్కో గుక్కకూ ముఖం వంకర పోతోంది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నూకరత్నం నీళ్ళలోకి దిగి ఆయన వెనక చేరి భుజాలు పట్టుకుంది. చివరికి గాలి అందింది. భార్య అటు తిరిగి జుట్టు పిండుకునేదాకా ఆగి, ఆయన నూకరత్నం చెవి దగ్గర అన్నాడు.

"రేపు... మళ్ళీ పోదాం అమ్మాయ్."

"ఇంత నొప్పి పడుతున్నారు కదా బాబాయ్, నాలుగు రోజులు ఆగి ఎల్దాం."

"నాకోసం గాదు." ఆయన మళ్ళీ ఊపిరి కూడదీసుకున్నాడు. "దాన్ని... కాసేపు పడుకోనియ్యి."

అల దిగినప్పుడల్లా బయటపడే ఆయన భుజాల మీద నూకరత్నం చేత్తో నీళ్ళు పోసి, దండ ఎండకుండా తడిపింది.

"పొద్దున్న ఏడుకి వచ్చీండి బాబాయ్" అంది చివరికి. "అప్పుడు నీల్లు నెమ్మదిగా ఉంటాయి."