సూరిబాబుకు మాట రాని పది నిమిషాలు

రెండువేల డెబ్బై నాలుగు నాటికి విశాఖలోని ఆ వాక్‌శ్రవణ కళాశాలలో విద్యార్థులెవరూ మొదటే మనుషుల మీద సాధన చేయడం లేదు. పొద్దున్నే మూడో అంతస్తు వరండాలో రోగులు కుర్చీల్లో వరసగా కూర్చుని ఛార్జింగ్ అవుతుంటారు. పక్షవాతంతో మాట పడిపోయిన ముసలమ్మ, చెవులు వినపడని చేపల వ్యాపారి, నత్తితో బాధపడే నలభై ఏళ్ళ సూరిబాబు. అందరూ యంత్రాలే. వాటిని తయారుచేసిన ఇంజనీరు గవర్రాజు 'అనురోగి' అని పేరు పెట్టాడు.

అనురోగి ఉత్త బొమ్మ కాదు. దాని సిలికాన్ గొంతులో స్వరతంత్రుల్లాంటి పొరలు కదులుతాయి. ఈ కళాశాలకు వచ్చిన వేలమంది రోగులు ఇష్టపడి ఇచ్చిన రికార్డింగుల నుంచి అది జబ్బును నేర్చుకుంది. దాని ఛాతీలో ఉండే స్పందన వలయం ఎదుటి మనిషి ఊపిరిని, కనుపాపల కదలికను, గొంతులోని వణుకును పసిగడుతుంది. నత్తి ఉన్న మనిషి కొందరి దగ్గర తేలికపడతాడు, కొందరి దగ్గర బిగుసుకుపోతాడు. సూరిబాబూ అంతే.

ఆ బుధవారం మరియరాణికి ఆఖరి క్లినికల్ పరీక్ష. అప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. పరీక్షకురాలు డాక్టర్ వకుళ. ఇరవై ఆరేళ్ళుగా వైద్యం చేస్తూ, విద్యార్థులకు ఆ పని నేర్పుతున్న మనిషి. ఆమె చేతికింద పాసైన వాళ్ళకు ఏ ఆసుపత్రిలోనైనా కళ్ళకద్దుకుని ఉద్యోగం ఇస్తారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

అద్దం అవతల నుంచి వకుళ అరగంట చూసింది. మరియరాణి తొందరపెట్టలేదు. సూరిబాబు తన టీ కొట్టు గురించి చెబుతున్నాడు. నూరు అక్షరాలకు నాలుగు చోట్ల మాత్రమే తడబడుతున్నాడు. 'పరవాలేదే' అనుకుంది వకుళ. నిబంధన ప్రకారం చివరి పది నిమిషాలు పరీక్షకురాలు గదిలో కూర్చోవాలి. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, చిరునవ్వుతో ఓ మూల కూర్చుంది.

సూరిబాబు "క... క... క..." అని ఆగిపోయాడు. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళు మూసుకున్నాడు. గది తెర మీద తడబాట్ల అంకె నాలుగు నుంచి ముప్పై ఒకటికి ఎగబాకింది.

"ఆఖర్లో రోగి చెయ్యిజారిపోతున్నాడమ్మా. పట్టు నిలబెట్టుకోలేకపోతున్నావు" అంది వకుళ బయటికొచ్చాక, మెత్తగానే.

మరియరాణి ఏదో అనబోయి, "సరే మేడమ్" అని వెళ్ళిపోయింది.

రెండేళ్ళలో వకుళ పరీక్షలో ఇలా తప్పినవాళ్ళలో ఆమె పదకొండోది. పదకొండు మందీ ఆఖరి పది నిమిషాల్లోనే తప్పారు. ఆ అంకె వకుళ మనసులో ముల్లులా దిగింది. నేరుగా గవర్రాజు దగ్గరికి వెళ్ళింది.

"మీ యంత్రంలో లోపం ఉందండీ. అరగంట దాటితే పాడవుతోంది."

గవర్రాజు నోట్లో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. గబగబా నీళ్ళు తాగి, "లోపం ఏమీ లేదు మేడమ్" అన్నాడు.

"లాగ్ తీయండి."

"మీరు చూడకపోతేనే మంచిదండీ."

"తీయండి గవర్రాజు గారూ."

తెర మీద సూరిబాబు తడబాట్ల రేఖ కనపడింది. నున్నగా నడిచిన గీత ఒక్కచోట నిట్టనిలువుగా లేచింది. అది అరగంట గడిచిన క్షణం కాదు, తలుపు తెరుచుకున్న క్షణం. మిగతా పరీక్షకులు లోపలికి వచ్చినప్పుడు ఆ గీత ఒకటి రెండు మెట్లు ఎక్కి దిగిపోయింది. వకుళ వచ్చిన ప్రతిసారీ కొండెక్కింది.

"ఇది మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఏడాదైందండీ. చెబుదామని రెండుసార్లు మీ గది దాకా వచ్చాను." మిగతాది చెప్పలేక అతను తలదించుకున్నాడు.

వకుళ నమ్మలేదు. బయటి చప్పుళ్ళేవో యంత్రాన్ని తికమక పెడుతున్నాయని, సూరిబాబును వినికిడి పరీక్షలు చేసే నిశ్శబ్ద గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ తన ఊపిరి తనకే వినపడుతుంది. ఎదురుగా కూర్చుని, నవ్వి, "మీ పేరు చెప్పండి" అంది.

సూరిబాబు నోరు తెరిచాడు. దవడ వణికింది. నిమిషం గడిచినా ఒక్క శబ్దం కూడా బయటికి రాలేదు.

"దీన్ని నివేదనకు మార్చండి" అంది వకుళ మైకులో. నివేదన అంటే యంత్రం జబ్బును పక్కనపెట్టి, తాను పసిగట్టినదాన్ని మామూలుగా చెప్పడం. బయట గవర్రాజు మీట నొక్కాడు. సూరిబాబు భుజాలు వదులయ్యాయి.

"నాతో ఎందుకు మాట్లాడలేకపోతున్నావు?"

"నా మాట ఆగగానే మీరు ఊపిరి బిగబడతారు డాక్టర్ గారూ. రెండో సెకనులో మీ చూపు గడియారం మీదికి పోతుంది. మూడో సెకనులో నా మాటను మీ పెదాలు పూర్తిచేస్తాయి, చప్పుడు లేకుండా."

"అబద్ధం! నేను నవ్వుతూనే కూర్చుంటాను."

"నవ్వుతారు. రోగికి కనపడేది మీ నవ్వు ఒక్కటే కాదండీ."

"ఇలా బిగుసుకుపోవాలని నీకెవరు నేర్పారు?"

"నా రికార్డింగుల్లో మీ రోగులు నూట పన్నెండు మంది ఉన్నారు. ఎనభై ఒక్కమంది నాలుగో వారానికి రావడం మానేశారు."

ఆ ఎనభై ఒక్కమంది కేసు షీట్ల మీద వకుళ తన చేత్తోనే రాసింది, 'రోగి సహకరించలేదు' అని. వాళ్ళలో పెళ్ళిచూపుల ముందు వచ్చిన ఒక పిల్ల గుర్తొచ్చింది. కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన ఒక రైతు గుర్తొచ్చాడు. వాళ్ళు మొండివాళ్ళనే ఇన్నేళ్ళూ అనుకుంది.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం ముట్టలేదు. ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాసింది. పదకొండు మందికీ వేరే పరీక్షకులతో మళ్ళీ పరీక్ష పెట్టమని కోరింది. తన పేరును పరీక్షకుల జాబితా నుంచి తీసేయమంది. లాగ్ ప్రతి జతచేసి సంతకం పెట్టి, హాస్టల్‌కు నడిచింది.

మరియరాణి పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతోంది. మేడమ్‌ను చూసి గభాల్న లేచి నిలబడింది.

"కూర్చోమ్మా. నువ్వు తప్పలేదు." వకుళ జరిగినదంతా చెప్పింది. ఏదీ తగ్గించి చెప్పలేదు. "తప్పు నాది. యంత్రం చెబితేగాని నాకు తెలియలేదు."

మరియరాణి చేతిలోని పుస్తకం అట్టను కాసేపు నిమిరింది. "మాకు తెలుసు మేడమ్."

"ఏం తెలుసు?"

"మీరొస్తే సూరిబాబు ఆగిపోతాడని. మా సీనియర్లకీ తెలుసు. ఆయాలకి కూడా తెలుసండీ."

"మరి... ఇంతమందిలో ఒక్కరైనా నాకెందుకు చెప్పలేదమ్మా?"

ఆ పిల్ల మొదటిసారి తలెత్తి సూటిగా చూసింది.

"మీ ముందు మాకూ మాట రాదు మేడమ్."

వకుళ ఏదో చెప్పబోయింది. పెదాలు కదిలాయిగాని గొంతు పెగల్లేదు. మరియరాణి ఆమె మాటను తాను పూర్తిచేయలేదు, చూపు తిప్పుకోలేదు. ఎంతసేపైనా పట్టనీ అన్నట్టు, ఎదురుగా మంచం మీద నిమ్మళంగా కూర్చుంది.