కూడితే తొమ్మిది

అరుణపురంలో తెల్లవారగానే ఎవరైనా ముందు చూసేది గోడకున్న గాజు గొట్టాన్ని. అందులో నీలి గీత నిండుగా ఉంటే ఆ ఇంటి గాలి వాటా వచ్చినట్టు. కుజగ్రహం మీద గాలి ఊరికే రాదు మరి. వకుళ కూతురు ఇందుజ ఊపిరితిత్తులు పుట్టుకతోనే బలహీనం. గీత వేలెడు తగ్గినా పిల్ల పెదవులు నల్లబడతాయి. అందుకే వకుళ తన చదువంతా ధారపోసి శ్వాసబీగం తయారుచేసింది.

అది తాళంచెవి లేని తాళం. లక్ష అంకెల సంఖ్య ఒకటి దానికి కాపలా. ఆ సంఖ్యను శేషం లేకుండా భాగించే సంఖ్య దొరికిందా, అదే తాళంచెవి. అది తెలిసినవాడు ఎంత గాలైనా లాక్కోవచ్చు. కానీ ప్రైమ్ నంబర్‌ను, అంటే ప్రధాన సంఖ్యను, ఒకటీ తానూ తప్ప మరేదీ భాగించలేదు. కాబట్టి ఎవరి వాటా వాళ్లకే. అలాంటి సంఖ్యల్ని వెతికిపెట్టే క్వాంటమ్ యంత్రానికి వకుళే ‘ఏకాకి’ అని పేరు పెట్టింది.

పదేళ్లకోసారి సంఖ్య మార్చాలి. ఆ గడువు వచ్చిన రోజు సభలో ఊరిపెద్ద పానకాలుగారు గొంతు సవరించుకున్నారు.

“పాత నంబరు అంకెలన్నీ ఒక్క అంకె మిగిలేదాకా కూడితే ఎనిమిదొచ్చింది. శనిది. అందుకే మనకేదీ కలిసిరాలేదు. మనముండేది కుజుడి మీద, కుజుడి అంకె తొమ్మిది. ఈసారి టోటల్ తొమ్మిది రావాలమ్మా.”

వకుళకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “కూడితే తొమ్మిదొచ్చే సంఖ్య ఏదైనా తొమ్మిదో ఎక్కంలో పోతుందండీ. అది ప్రధాన సంఖ్య ఎలా అవుతుంది?”

“ఇన్నేసి సంఖ్యల్లో ఒక్కటి దొరక్కపోతుందా? నీ మిషన్నే అడుగు.”

ఏకాకి తడుముకోలేదు. “ఎంత దూరం వెతికినా ఉండదు. ఒక షరతు వదలండి. తొమ్మిదా, ప్రధానమా?”

సభ తొమ్మిదికే చేతులెత్తింది.

“తాళంచెవి ఊరందరికీ తెలిశాక అది తాళమేమిటండీ?” అని వకుళ బతిమాలింది.

“మనలో దొంగలెవరున్నారమ్మా?” అన్నారు పానకాలుగారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నిజానికి మొదట్లో ఎవరూ ముట్టుకోలేదు. తరువాత పానకాలుగారింట్లో పెళ్లి జరిగింది. చుట్టాలెక్కువయ్యారని, ఈ ఒక్క పూటకేనని ఆయన తొమ్మిది నొక్కారు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? పక్కిల్లు నొక్కింది, ఆపైన వీధి. వకుళ ఇంటింటికీ తిరిగితే అందరిదీ ఒకటే మాట, “మేం తీసుకున్నది కాస్తే కదమ్మా.” సంఖ్య మార్చాలంటే సభ తీర్మానం కావాలి. సభకు రమ్మంటే ఒక్కరూ రాలేదు.

ఒక సాయంత్రం ఇందుజ మంచం మీద ఎగశ్వాస తీస్తోంది. నీలి గీత అడుగంటింది.

“నేను నొక్కితే ఎవరి వాటా తగ్గుతుంది?” అని వకుళ అడిగింది.

“ఇంకా నొక్కనివాళ్లది,” అంది ఏకాకి. “మీరు కాక మిగిలింది ఒక్క ఇల్లే. మూడో వీధిలో, నిన్న బిడ్డ పుట్టిన ఇల్లు.”

వకుళ ఏడ్చింది. తరువాత తొమ్మిది నొక్కింది.

ఇందుజ పెదవులకు మెల్లగా రంగు వచ్చింది. వకుళ లేచి మూడో వీధివైపు కిటికీ మూసేసింది.