కూర రాని వాటా

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. గుణింతం తప్పితే సరిచేసుకుని చదవండి. ఈ కాస్త రాయడానికే నెల పట్టింది, ఏమీ అనుకోకండి.

రెండువేల ఎనిమిది, కార్తీకం. పూండిలో మా పక్కింటి తవిటమ్మ టీ మరిగిస్తూ భర్తనే చూస్తోంది. పలాస డిపోలో డ్రైవరుగా రిటైరైన ఢిల్లీరావు పేపరు చివరి పేజీ చూసి, మడిచి, దానిమీదే కూర్చున్నాడు.

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో సగం మ్యూచువల్ ఫండులో వేసి ఏడాదయింది. "పడవలాంటిదే. పదిమందీ డబ్బేత్తారు, నడపడం తెలిసినోడు నడుపుతాడు, మనకి వాటా" అని అప్పుడు అతనే చెప్పాడు. తవిటమ్మ సముద్రపొడ్డున పుట్టిన పిల్ల. వాళ్ల ఊళ్లో వలలో నాలుగు చేపలే పడినా, వాటాదారు ఇంటికి కూరకు పంపాకే పడవవాళ్లు పొయ్యి వెలిగిస్తారు. ఈ ఫండు నుంచి మాత్రం ఏడాదిగా ఏమీ రాలేదు. అంటే ఇంకెక్కడికో పోతోందన్నమాట.

"మావా, మన వాటా కూర ఎవలింటికి ఎల్తంది?"

"ఏటి కూర?"

"ఫండు కూర. మీ సెల్లి సత్యవేణి కొత్త గాజులేసుకుంది. నాను గుడ్డిదాన్ని కాను."

"ఒలే, బుర్రుండే మాటాడతన్నావా?"

"బుర్రుంది కాబట్టే అడుగుతన్నాను."

స్కూలుకు తయారవుతున్న కూతురు రజని, టీచరమ్మ, మధ్యలోకి వచ్చింది. "అమ్మా, అది కూర పంపే రకం కాదే. లాభమొత్తే అందులోనే కలిసిపోతాది. అమ్ముకున్నప్పుడే సేతికొత్తాది."

"అయితే ఈపాటికి పెరిగుండాల. ఎంత పెరిగింది మావా?"

ఢిల్లీరావు తల దించుకున్నాడు. "పెరగనేదు. ఏసినదాంట్లో మూడోవంతు పోయింది."

"ఎప్పట్నించి?"

"వానాకాలం నించి. ముప్పై ఏళ్లు బస్సుని గుంటలో దింపనేదు. దీన్ని దింపీసినానని నీకెలా సెప్పను?"

గాజుల మాట అన్నందుకు తవిటమ్మకు సిగ్గేసింది. అతని పక్కన కూర్చుంది.

"గాలి తిరిగితే పడవ మునిగిపోయినట్టేటి? ఒడ్డున కూకున్నదానికి సెప్పాల. లేకపోతే ఇదిగో, ఇలాటివే తోస్తాయి." టీ గ్లాసు అతని చేతిలో పెట్టింది. "ఇంతకీ ఆ నడిపేవోడు ఎవలు?"

తండ్రి కూతురి వంక చూశాడు. కూతురు తండ్రి వంక చూసింది.

"పేరైనా అడక్కుండా ఎక్కీసినారా? ఉండండి, సీర మార్చుకొత్తాను. పలాస ఎల్లి ఏజెంటుని అడుగుదాం."

ఆటోలో దారంతా ఆమె అడుగుతూనే ఉంది. వాళ్లెక్కడ కూర్చుంటారు, మన డబ్బుతో ఏం కొంటారు, మళ్లీ ఎప్పుడు లేస్తుంది. తెలిసింది ఢిల్లీరావు చెప్పాడు. తెలియనిచోట "తెల్దే" అన్నాడు. కాపురానికొచ్చాక ఆ మాట అతని నోట వినడం అదే మొదలు. తవిటమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, ఇంకోటి అడిగింది.

గౌరమ్మ, అరవై నాలుగేళ్లు, ఇప్పుడు ఉండేది టెక్కలి.