నలభై ఒకటో సీసా

ఇందుల ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన మూడు పండ్లు ఇప్పుడే ఊడిపడాలె. పడ్డయా? పడలే. అయితే విను పిల్లా.

రెండువేల మూడుల పటాన్‌చెరు అవతల ఒక కంపెనీల ఊడ్సే పని చేసేదాన్ని. ఏసీ గది. ఎంత సల్లగంటే, తుమ్మితే తుమ్ము గడ్డకట్టి నేల మీద పడేది. దాన్ని గూడ నేనే ఊడ్సుకోవాలె. మనిషి నెత్తురుల నాలుగంటే నాలుగే అక్షరాలట, అవే కోట్ల కోట్లు వరుసగ రాసి ఉంటయట. ఆ వరుసలు కంప్యూటర్లకెక్కిచ్చి, ఒకరి దాన్ని ఒకరితోని పోల్చుడు అక్కడి పని. చేసే పిల్ల హైమావతి. ఆమె మీద పెద్దసారు రామలింగేశ్వరరావు.

ఫ్యాక్టరీల మురికి మా ఊరి కాల్వల కలిసి, తాగినోళ్లంత రోగాలపాలైతుండ్రి. ఆ నీళ్లు నెత్తురును ఏం చేసినయో తేలుస్తమన్నడు సారు. నేనే ఇంటింటికి తిరిగి ఎనభై మందిని తోలుకొచ్చిన. నా దోస్తు బీరమ్మది నలభై ఒకటో సీసా. సూది గుచ్చుతుంటే నవ్వింది.

"నా నెత్తురుల అక్షరాలున్నయా ముత్యక్కా? మరి నాకు సంతకం గూడ రాకపాయె!"

అందరికంటె ఆమె వరుసనే బాగ చెడింది. సారు హైమావతితోని అనంగ విన్న.

"ఆ నలభై ఒకటి తీసెయ్యమ్మా. అది కలిస్తే రిపోర్టు మొత్తం పాడవుతుంది. సీసా కూడా ఉండకూడదు."

తీసేసింది. నీళ్లు మంచియే అని తేలింది. నెల తిరగక ముందే బీరమ్మ సచ్చిపోయింది.

మూడోనాడు పిట్టకు, అదే కాకికి, బువ్వ పెట్టినం. సచ్చినోళ్లకు కోరిక మిగిలితే పిట్ట ముట్టదు. కొడుకులు మొక్కిండ్రు, బిడ్డ ఏడ్సింది. కాకి రాలే. ఎండకు అందరు మాడిపోతుంటే ఇగ నేనే లేసిన.

"నీ నెత్తురు పారేసినోళ్లను నువ్వే అడుగు బీరమ్మా. తలుపు నేను తీస్త."

ఏడొందల కాకులు వాలినయి. విస్తరాకు గూడ మిగలలే.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆ గది తలుపు తీసిన. గప్పుడే కరెంటు పోయింది. బ్యాటరీ మీద తెరలు ఒక్కటే వెలుగుతున్నయి. ఏసీ ఆగింది, చలి ఆగలే. మా కాల్వ వాసన... కుళ్లిన గుడ్డు, తుప్పు, మందుబిళ్లల వాసన. నా పక్క నుంచే తడి కాళ్ల చప్పుడు లోపలికి పోయింది.

"ముత్యమ్మా," హైమావతి గుసగుసలాడింది. "నలభై ఒకటి మళ్లీ వచ్చింది."

తీసేసింది. వచ్చింది. తీసేసింది... వచ్చింది. అన్ని వరుసలు మళ్ల పోల్చింది. ఎనభై మంది లేరు. ఎనభై సీసాలల్ల ఒక్క మనిషే, బీరమ్మ.

సారు మండిపడ్డడు. "మిషన్ పాడైంది! నా రక్తం పెట్టండి, చూద్దాం."

మూడోరోజు ఫలితమొచ్చింది. సారు తెర దిక్కు చూసిండు. సారుది గూడ నలభై ఒకటే. తర్వాత మెల్లగ నా దిక్కు తిరిగిండు. అంత పెద్ద చదువుల సారు... బీరమ్మ గొంతుతోని అన్నడు.

"ముత్యక్కా... దూపైతున్నది."

నీళ్లిస్తే తోసేసిండు. చెప్పులు లేకుంట కాల్వ దాక నడిచిపోయి, బర్రె లెక్క వంగి తాగిండు. పదిమంది గుంజినా ఆగలే. కాల్వ జానెడు దిగింది, నేను కొలిచిన. పొద్దుగూకకముందే పాణం పోయింది. అక్కడ ఏసీ గదిల అసలు రిపోర్టు దానంతటదే అచ్చయి ఉంది, ఎనభై మందిది. సారు సంతకం పెట్టే జాగల వేలిముద్ర. తడిది.

ఆ కాయిదం పట్టుకొని కొట్లాడితేనే ఊరికి మంచినీళ్లొచ్చినయి.

ఒక్క సంగతి మాత్రం ఇన్నేండ్లు ఎవ్వరికి చెప్పలే. బీరమ్మ సీసా కాల్వల పారబోసింది సారు కాదు. సారు చెప్తే నేనే. బిస్కెట్ పుడ ఇచ్చిండు... తిన్న.

మొన్న షుగర్ పరీక్షకని సంగారెడ్డిల నెత్తురిచ్చిన. ఇయ్యాల మూడోరోజు. జల్దీ పోయి రిపోర్టు పట్టుకరా బిడ్డా. షుగరెంతో నాకొద్దు. సీసా మీద నంబరెంతో అడిగి రా.

ఆ బిందె జరుపకు. పొద్దటి నుంచి నాలుగు బిందెలు తాగిన, దూప తీరుతలేదు. ఇగో, ఈ చెంబు గూడ పట్టుకపో. వచ్చేటప్పుడు... జెర కాల్వ దిక్కుకెల్లి రా.