కుమాసీకి చలిమిడి

వీరరాఘవులు గారు పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఘనా దేశపు మ్యాపు పరిచారంటే, ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లో ఇక ఎవరూ కిక్కురుమనకూడదు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ. సెలవు ప్రయాణాన్ని కూడా ఫైలు నడిపినట్టే నడిపిస్తున్నారు.

"ముందు అక్రాలో దిగుతాం. సముద్రం ఒడ్డున కోటలు చూస్తాం. తర్వాత అడవిలో చెట్ల మీద తాళ్ళ వంతెన ఉందిట, అదీ ఎక్కుదాం."

"నా మోకాళ్ళతో తాళ్ళ వంతెనా? బాగానే ఉంది సంబడం!" అంది అరుంధతి. "మరి కుమాసీ?"

"టైముంటే ఓ పూట వెళ్దాంలే. హోటల్లోనే దిగుదాం."

కుమాసీలో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఇంద్రజ ఉంది. ఢిల్లీలో తనతోపాటు ఇంజనీరింగ్ చదివిన క్వామే అనే ఘనా అబ్బాయిని పెళ్ళి చేసుకుని నాలుగేళ్ళ క్రితం వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ తండ్రి ఆమెతో మాట్లాడలేదు. ఇప్పుడు ఇంద్రజకి ఎనిమిదో నెల. ఎలాగూ పుట్టింటికి తెచ్చుకుని పురుడు పోసే భాగ్యం లేదు, నేనైనా వెళ్తానని అరుంధతి మొండికేస్తే ఈయన 'హాలిడే' అన్న పేరు పెట్టి ఒప్పుకున్నారు. కూతురి దగ్గరికని మాత్రం నోరు జారితే ఒట్టు. అందరూ సింగపూర్ వెళ్తుంటే మీరు అక్కడికేమిటండీ అని కాలనీలో అడిగినవాళ్ళందరికీ కోటల మీద ఉపన్యాసమిచ్చారు మహానుభావుడు!

ఆ దేశం వెళ్ళాలంటే ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. కాఫీలయ్యాక ఇద్దరూ ఆటో ఎక్కి టీకా కేంద్రానికి వెళ్ళారు. డాక్టరమ్మ అరుంధతి వంకరపోయిన వేళ్ళ వంక చూసి, ఏం మందులు వాడుతున్నారని అడిగింది. రెండేళ్ళుగా కీళ్ళజబ్బు. మందుల పేర్లు విని డాక్టరమ్మ సిరంజి పక్కన పెట్టేసింది.

"సారీ ఆంటీ. ఈ మందులు రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. వీటి మీద ఈ టీకా వేస్తే ప్రాణం మీదికొస్తుంది. టీకా లేకుండా అక్కడికి వెళ్ళమనీ చెప్పలేను," అంది హిందీలో.

"మందులు ఆపేస్తానమ్మా."

"ఆపినా నెలల తరబడి ఆగాలి."

"అచ్ఛా," అని లేచింది అరుంధతి. వీరరాఘవులు గారికి అప్పటికే టీకా వేసేశారు.

ఇంటికొచ్చాక వీరరాఘవులు మ్యాపు మడతపెడుతూ, "సరే, క్యాన్సిల్ చేసేద్దాం. వచ్చే ఏడు చూద్దాం," అన్నారు.

"వచ్చే ఏడా?" అరుంధతి అరిచింది. "మొదటి రెండేళ్ళూ నేను ఏ జబ్బూ లేకుండా గుండ్రాయిలా ఉన్నాను. తీసుకెళ్ళండని కాళ్ళావేళ్ళా పడితే దాని పేరెత్తకు అన్నారు. మీ పంతం తీరేసరికి నా ఒంట్లో ఓపిక తీరిపోయింది. నా పిల్ల అక్కడ నొప్పులు పడుతుంటే నేనిక్కడ కూర్చుని కోటల బొమ్మలు చూసుకోవాలా?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"మీరొక్కరే వెళ్ళండి," అంది కళ్ళు తుడుచుకుంటూ. "అది గడప దాటే రోజున చలిమిడి కలుపుకొచ్చాను. మీరు అడ్డం నిలబడి పెట్టనివ్వలేదు. బిడ్డని ఉత్త ఒడితో పంపేశాను. ఆ బాకీ మీరే తీర్చి రండి."

"ఏం మొహం పెట్టుకుని వెళ్ళను, అరుంధతీ?" అన్నారాయన.

అన్నారే గాని, లేచి వెళ్ళి తనే ఫోను కలిపారు.

"నేనమ్మా... నాన్నని. అమ్మకి టీకా వెయ్యరట. నేనొక్కణ్ణే వస్తాను. హోటల్ వద్దు. మీ ఇంట్లో నాకు చోటుంటుందా?"

ముందు వెక్కిళ్ళు వినిపించాయి. తర్వాత, "ఆప్ ఆయియే తో సహీ, డాడీ," అంది ఢిల్లీలో పెరిగిన ఇంద్రజ. వస్తే చాలంది పిచ్చిపిల్ల.

ప్రయాణం ముందురోజు వంటింట్లో అరుంధతి స్టూలు మీద కూర్చుంది. ఆమె వేళ్ళు గరిటె పట్టనివ్వవు. ఆమె చెబుతుంటే ఆయనే బెల్లం పాకం పట్టి, తడి బియ్యప్పిండి పోసి కలిపారు. కళ్ళజోడుకు పిండి, చొక్కాకు పాకం.

"చేతికిచ్చి చక్కా రాకండి," అంది. "బొట్టు పెట్టి, రవికెల గుడ్డతో కలిపి ఒళ్ళో పెట్టాలి. తల్లి చెయ్యాల్సిన పని. అక్కడ తల్లీ మీరే. ఏదీ, నాకు చేసి చూపించండి."

కొంగు పరిచి కూర్చుంది. ఆయన బొట్టు పెట్టి, మూట ఒళ్ళో ఉంచారు.

"ఏమనాలి?"

"కడుపు చల్లగా ఉండమ్మా అనాలి."

"కడుపు..." అని ఆగిపోయారు వీరరాఘవులు గారు. "నీకు చేసిన ద్రోహానికి నన్ను క్షమించు, అరుంధతీ," అంటూ ఆ మూట పక్కనే ఆమె ఒళ్ళో తల పెట్టి బావురుమన్నారు.

అరుంధతి వంకర వేళ్ళతో ఆయన జుట్టు నిమిరింది. "అక్కడ మాత్రం ఏడవకండి. నిండు చూలాలు, బెంగపెట్టుకుంటుంది," అంది, తను ఏడుస్తూనే.